లిఫ్టు క్షేమంగా చేరింది

జూన్ 2

మళ్ళీ ఈ పుస్తకం తీశాను. పోయినేడు సగంలో వదిలేసిన పేజీ పక్కనే మొదలుపెడుతున్నాను. అప్పట్లో ఏదైనా ఎవరికో ఒకరికి చెప్పుకునే ఓపిక ఉండేది. ఇప్పుడు అదీ లేదు. కాగితమైతే ఎదురు ప్రశ్న వేయదు.

ఆఫీసులో రెండో దశ మొదలైంది. నది సముద్రంలో కలిసే చోట ఇంకో పన్నెండు బ్లాకులు. ఊళ్ళోకి రోజూ జనం దిగుతూనే ఉన్నారు, తల దాచుకోవడానికి చోటు లేదు. ఇటు చూస్తే నీళ్ళు ఏటేటా పైకి జరుగుతున్నాయి. ఈ రెండింటి మధ్యా ఇళ్ళు ఇరికించడం మా పని. ఇవాళ మీటింగులో పెద్దసారు, "మొదటి దశ నమూనాయే కానిద్దాం. కాకపోతే ఆ కింది అంతస్తు సంగతి ఒకసారి ఆలోచించమ్మా" అన్నారు. ఆలోచించు అంటే మార్చు అని. ఇన్నేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్నాను, ఆ మాత్రం తెలుసు.

"కింది అంతస్తు నీళ్ళది సార్" అన్నాను. "ఉత్త స్తంభాలే ఉంటాయి, నది పొంగినప్పుడు నీళ్ళొచ్చి రెండ్రోజులుండి పోతాయి, ఇళ్ళన్నీ పైన చెక్కుచెదరకుండా ఉంటాయని మీరే కదా అందరికీ చెప్పింది."

"చెప్పాను. వచ్చాయా ఇన్నేళ్ళలో?"

రాలేదు. ఒక్కసారైనా వచ్చి నా మాట నిలబెట్టలేదు. అయినా నీళ్ళు రావాలని కోరుకునే మనిషి ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే ఉన్నట్టున్నాను.

జూన్ 5

అత్తయ్య ఎనిమిదింటికల్లా డ్యూటీకి దిగింది. డ్యూటీ అనే మాట ఆవిడదే. రిటైరయ్యేదాకా సిటీ బస్సులో కండక్టరు. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి, నోరు మాత్రం అరగలేదు. మాది నాలుగో బ్లాకులో మూడో అంతస్తు. కొత్తలో జనం ఇక్కడికి రావడానికి భయపడితే, కట్టినవాళ్ళే ఉంటే నమ్ముతారని ఆఫీసు మాలో కొందరికి ఇళ్ళిచ్చింది. అలా నేను గీసిన మెట్లే నేను ఎక్కుతున్నాను. అత్తయ్య ఎక్కలేదు. లిఫ్టులో కిందికి దిగి, స్తంభాల మధ్య తన కుర్చీలో కూర్చుంటే మళ్ళీ సాయంత్రం దాకా పైకి రాదు.

కింద ఎవరూ ఉండకూడదు. నా డ్రాయింగుల్లో ఎవరూ లేరు కూడా. వాస్తవానికి టైలరమ్మ కుట్టుమిషను ఉంది. ఇస్త్రీ ఆయన బల్ల ఉంది. సైకిళ్ళు బాగుచేసే అతను, టీ అమ్మే ఆవిడ, స్కూలు నుంచి వచ్చి తాళాలు లేక తల్లుల కోసం ఎదురుచూసే పిల్లలు. వాళ్ళందరికీ జాగా పంచేది అత్తయ్య. "ముందుకి జరగండి! లోపలంతా ఖాళీగా పెట్టుకుని గుమ్మం దగ్గర గుంపేంటి?" అని ఆవిడ అరిస్తే మూడో అంతస్తులో నా గిన్నెలు మోగుతాయి.

అనుకుంటే తప్పు నాదే. నీళ్ళ కోసం కట్టే గదిని మరీ బాగా కట్టాను. ఎత్తు దండిగా పెట్టాను. నది గాలి ఈ చివర నుంచి ఆ చివరకి ఆడేట్టు స్తంభాలు నిలబెట్టాను. ప్రతి స్తంభం చుట్టూ అరుగు కట్టించాను. నీళ్ళు లేని రోజుల్లో కంటికి ఇంపుగా ఉండొద్దా అని అప్పుడు వాదించాను. అరుగు కడితే మనిషి కూర్చోకుండా ఉంటాడా? ఇంత చదువు చదివీ ఆ ముక్క తట్టలేదు నాకు.

జూన్ 6

మా ఆయన ఫోను. నది ముఖద్వారం దగ్గర పూడిక తీసే డ్రెడ్జర్ మీద ఆయన పని, నెలన్నర అక్కడ, వారం ఇక్కడ. "ఎంత తోడినా ఇసక మళ్ళీ వచ్చేస్తోంది" అన్నారు. "అమ్మ ఎలా ఉంది?" అన్నారు. కింద ఉంది అన్నాను. "అయితే బాగుందన్నమాట" అని పెట్టేశారు.

జూన్ 11

మా ఆఫీసులో కళ్ళజోడు అని ఒక అమ్మాయి ఉంది. చేరి ఏడాది కాలేదు, మంచి పిల్ల, ప్రశ్నలు ఎక్కువ. ఇవాళ రెండో దశ బొమ్మల్లో మనుషుల్ని అతికిస్తోంది. కట్టడం ఎంత ఎత్తో తెలియడానికి డ్రాయింగులో మనుషుల్ని పెడతాం. మా కంప్యూటర్లో వాళ్ళు కొందరు ఎప్పటినుంచో ఉన్నారు: బెలూను పట్టుకున్న పాప, పరుగెత్తే కుర్రవాడు, సంచి తగిలించుకుని ఫోనులో మాట్లాడే అమ్మాయి. నేను ఏళ్ళ తరబడి చూస్తున్నాను, ఆ అమ్మాయి ఫోను పెట్టేయలేదు, ఆ పాప ఎదగలేదు.

"మేడమ్, రెండో దశకి కూడా లిఫ్టు నియమం అదేనా?" అంది కళ్ళజోడు.

అదే. లిఫ్టు గుంటలో కాస్త తడి తగిలితే చాలు, లిఫ్టు దానంతటది మొదటి అంతస్తుకి వెళ్ళి, తలుపులు తెరుచుకుని, ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి వదిలేదాకా కదలదు. లేకపోతే నీళ్ళలోకి దిగి లోపలి మనుషులు చిక్కుకుపోతారు, మోటారు కాలిపోతుంది. నేను రాసిన నియమమే. మంచి నియమం.

"మరి అప్పుడు కింద ఎవరైనా ఉంటే?"

"కింద ఎవరుంటారు? అది నీళ్ళ గది."

ఎంత తేలిగ్గా అనేశాను! అంటున్నప్పుడు నాకు అత్తయ్య గుర్తు రాలేదు. బస్సు దిగి మా బ్లాకు దగ్గరికి వచ్చి, ఆవిడ కుర్చీ చూశాక గుర్తొచ్చింది.

చెప్పాలి. నీళ్ళొచ్చిన రోజున లిఫ్టు రాదని ఆవిడకి చెప్పాలి. బోర్డు పెడదామని ఆ రోజుల్లో అన్నాను, బోర్డు చూస్తే ఇళ్ళు కొనేవాళ్ళు బెదిరిపోతారని పెద్దసారు వద్దన్నారు. ఆదివారం చెప్తాను.

జూన్ 15

ఆదివారం. చెప్పలేదు. ఆవిడకి కొంచెం జలుబుగా ఉంది.

జూన్ 16

జలుబు కాదు కారణం. ఇక్కడైనా ఒప్పుకుంటే పోలా.

చెప్తే ఆవిడ భయపడి పైనే ఉండిపోతుంది. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక వానాకాలమంతా పైనే ఉంది. నేను కూర తరిగితే లావు అనేది, సన్నగా తరిగితే సన్నం అనేది. తువ్వాలు ఆరేస్తే మళ్ళీ తీసి ఆరేసేది. నేను ఆఫీసు నుంచి ఉసూరుమంటూ వచ్చేసరికి, పొద్దుటి నుంచీ మాట్లాడే మనిషి లేక ఆగిపోయిన మాటలన్నీ నా మీద కుమ్మరించేది. పాపం, ఆవిడ తప్పూ లేదు. రోజూ వందల మందితో మాట్లాడిన మనిషి. కిందికి దిగడం మొదలుపెట్టాక ఆవిడకీ నాకూ పడుతోంది. ఇల్లు ఇల్లులా ఉంది. నాకు కాస్త ఊపిరాడుతోంది.

అయినా ఇన్నేళ్ళలో రాని నీళ్ళు ఇప్పుడే వస్తాయా ఏంటి.

జూన్ 24

ఒకటో తారీకున గృహనిర్మాణ కమిటీ చైర్మన్ మా బ్లాకు చూడ్డానికి వస్తాడట. కింది అంతస్తు నీళ్ళకి వదలాలా, ఇళ్ళు చేయాలా అన్నది చూశాక తేలుస్తారట. "నీ వాదన నువ్వే చూపించుకో" అన్నారు పెద్దసారు. "కాకపోతే ఆ కుట్టుమిషన్లూ ఇస్త్రీ పెట్టెలూ కనపడకూడదు. అవి చూస్తే, ఎలాగూ జనం ఉంటున్నారుగా, గోడలు కట్టేస్తే పోలా అంటాడాయన."

నిజమే. ఖాళీగా ఉంటేనే అది నీళ్ళ గదిలా ఉంటుంది. ఒక్కరోజు అందర్నీ పైకి పంపాలి.

జూన్ 29

ఇవాళ కిందికి వెళ్ళి అత్తయ్య పక్కన అరుగు మీద కూర్చుని, నీళ్ళు నమిలి నమిలి చెప్పాను. లిఫ్టు సంగతి కాదు, చైర్మన్ సంగతి.

"అంటే, మమ్మల్ని దాచిపెడతావా?" అంది.

"ఒక్క రోజే అత్తయ్యా. ఇక్కడ ఎవరూ ఉండరని చూపిస్తే కొత్త బ్లాకుల్లో కింద ఇళ్ళు కట్టరు. కడితే ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళొచ్చి మనుషులు పోతారు. మీకు తెలీదు."

"నాకు తెలీదులే. తెలిసినదానివి నువ్వు చెప్పు. నువ్వు కట్టిన ఇంట్లో నన్నెక్కడ కూర్చోమంటావు అమ్మాయ్?"

"పైన బాల్కనీ ఉందిగా. ఎంత గాలొస్తుంది!"

"బాల్కనీలో కూర్చుంటే మనుషుల నడినెత్తులు కనిపిస్తాయి. మొహాలు కనపడవు."

టైలరమ్మ మిషను ఆపి మా ఇద్దర్నీ చూస్తోంది. కాసేపటికి అత్తయ్యే అంది, "సర్లే. ఒక్కరోజు బండి డిపోలో పెడతాం. నీ ఉద్యోగం నీది."

లిఫ్టు సంగతి కూడా అప్పుడే చెప్పేయాల్సింది. ఒకేసారి రెండు చెప్తే బాగుండదని ఊరుకున్నాను.

జూలై 1

అనుకున్న దానికంటే బాగా ఖాళీ అయింది. అత్తయ్య చేయించిన పని అలాగే ఉంటుంది. మిషన్లూ బల్లలూ మెట్ల మలుపుల్లోకి ఎక్కించి, నేల కడిగించి, తన కుర్చీ కూడా పైకి తెప్పించుకుంది. జనమంతా మెట్ల మీద వరసగా కూర్చున్నారు. ఎవరైనా గట్టిగా దగ్గితే ఆవిడ మూడో అంతస్తు నుంచి "ఉష్" అంటోంది.

చైర్మన్ స్తంభాల మధ్య అటూ ఇటూ నడిచాడు. ఒక అరుగు మీద కూర్చున్నాడు కూడా. "అబ్బ, ఏం గాలండీ!" అన్నాడు. తరవాత పెద్దసారు వైపు తిరిగి, "ఇంత చోటు ఉత్తినే వదిలేశారా? ఊళ్ళో జనం పేవ్‌మెంట్ల మీద పడుకుంటుంటే?" అన్నాడు.

జనాన్ని చూపిస్తే ఇళ్ళు కట్టమంటాడని దాచాను. దాచినందుకు ఇళ్ళు కట్టమన్నాడు.

జూలై 3

తేలిపోయింది. రెండో దశలో సగం బ్లాకులకి కింద ఇళ్ళు. సగమైనా మిగిలాయి కదా అంటారు పెద్దసారు. డ్రాయింగులు నేనే గీయాలి, సంతకం నేనే పెట్టాలి. మొదటి దశ గీసిన చెయ్యి కాబట్టి నా సంతకానికి విలువట. ఏం సంబడం.

అత్తయ్య మళ్ళీ కిందికి దిగింది. "ఏమైంది?" అంది. చెప్పాను. నవ్వింది. "పోన్లే, ఈసారి కుర్చీలేసి పిలువు" అంది.

జూలై 13

మా ఆయన వచ్చారు. వచ్చినప్పటి నుంచీ నిద్రే. సాయంత్రం టీ ఇచ్చి లిఫ్టు సంగతి చెప్పాను. లేచి కూర్చున్నారు.

"అమ్మకి చెప్పలేదా?"

"మీరు చెప్పండి."

"నేనా? మా అమ్మ సంగతి తెలుసుగా. నేను చెప్తే నువ్వు చెప్పించావంటుంది. నువ్వే నెమ్మదిగా చెప్పు."

"కట్టింది నేను కదా, నేను చెప్తే భయపడుతుంది."

"భయపడితే మంచిదేగా."

అది నిజమే. తరవాత ఆయన, వచ్చేసారి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్తానన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఆ పని ఆయనది.

జూలై 20

సంతకం పెట్టలేదు. కొలతలు సరిచూస్తున్నానని చెప్పాను.

ఆగస్టు 4

ఎగువన వానలు. నది రంగు మారింది. మాకది మామూలే.

ఆగస్టు 9

పున్నమి ఆటుపోటు పెద్దదిగా ఉంటుందని ఆఫీసుకి సమాచారం. ఎగువ నీళ్ళూ సముద్రం నీళ్ళూ ఒకే రోజు కలిస్తే తప్ప మా దాకా రావు. కలవాలిగా. అత్తయ్యతో మాత్రం "రేపట్నుంచి నాలుగు రోజులు పైనే ఉండండి, చలిగాలి" అన్నాను. "నాకు చలేంటి?" అని దిగిపోయింది. నా వంతు నేను చెప్పాను.

ఆగస్టు 12

అత్తయ్య ఆస్పత్రిలో. తుంటి ఎముక. ప్రాణానికి భయం లేదన్నారు. రాయలేను.

ఆగస్టు 15

ఇవాళ రాస్తాను. రాయకపోతే నాకు నేనే ఇంకో రకంగా చెప్పుకుంటాను.

పన్నెండో తారీకు మధ్యాహ్నం మీటింగు. బల్ల మీద రెండో దశ డ్రాయింగులు, నా సంతకం కోసం ఖాళీ గడి. పెద్దసారు పెన్ను మూత తీసి మరీ నా ముందు పెట్టారు. అప్పుడు ఫోను మోగింది, నాదీ, ఆయనదీ, కళ్ళజోడుదీ, ఒక్కసారే. లిఫ్టుల దగ్గర నుంచి మాకు మెసేజీలు వచ్చే ఏర్పాటు ఉంది. "రెండో బ్లాకు. లిఫ్టు క్షేమంగా మొదటి అంతస్తుకు చేరింది." ఆ వెంటనే మూడో బ్లాకు. ఆ వెంటనే నాలుగో బ్లాకు.

నీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళకి వచ్చాయి. మేం గీసింది గీసినట్టు పనిచేసింది. పెద్దసారు చప్పట్లు కొట్టారు. గదిలో అందరూ కొట్టారు. నేనూ కొట్టాను. ఈ పాపిష్టి చేతులతోనే కొట్టాను. అప్పుడు కళ్ళజోడు నా వైపు తిరిగి, "మేడమ్, మీదీ నాలుగో బ్లాకే కదా" అంది.

అత్తయ్యకి ఫోన్ చేస్తే మోగుతోంది, తీయడం లేదు. ఎలా బయటపడ్డానో తెలియదు. ఆటో అతను వంతెన దాకా వచ్చి ఇక ముందుకు రానన్నాడు. అక్కడి నుంచి నడిచాను. మొదట చీలమండల దాకా, తరవాత మోకాళ్ళ దాకా. నీళ్ళు ఎటు రావాలని గీశానో అటే వస్తున్నాయి. దార్లో ప్రతి మలుపూ నాకు తెలుసు, ఏ మలుపు దగ్గర ఎంత లోతుంటుందో కూడా తెలుసు. తెలిసి ఏం లాభం, కాళ్ళు కదలవు.

నేను వెళ్ళేసరికి కింద ఎవరూ లేరు. నీళ్ళు, అరుగులు మునిగిన స్తంభాలు. టైలరమ్మ దారం ఉండలు తేలుతున్నాయి. మెట్ల మీద జనం. మొదటి మలుపు దగ్గర అత్తయ్య పడి ఉంది, టైలరమ్మ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. విరిగిన కుర్చీ పక్కన ఇస్త్రీ ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చుని ఏడుస్తున్నాడు. "జారిపోయానమ్మా, తడి మెట్టు" అని అదే మాట. అత్తయ్య కళ్ళు తెరిచి చూసి, "పిల్లలందరూ ఎక్కారా?" అంది. ఎక్కారన్నాను. నిజానికి నేను చూడలేదు.

మిగతాది ఆస్పత్రి వరండాలో టైలరమ్మ చెప్పింది.

నేల తడవగానే అందరూ సామాన్లు సర్దుకోబోయారట. అత్తయ్య, "సామాను తరవాత, ముందు మనుషులు" అని కేకేసి పిల్లల్ని మెట్లెక్కించిందట. ఆ పైన ఆడవాళ్ళు, ఆ పైన మిగతావాళ్ళు. "పైకి జరగండి, పైకి జరగండి, మెట్ల మీద ఆగొద్దు!" తను మాత్రం లిఫ్టు దగ్గరికెళ్ళి మీట నొక్కి నిలబడిందట. పిక్కల దాకా నీళ్ళొచ్చినా కదల్లేదట.

"నేనూ ఇస్త్రీ ఆయనా కుర్చీలో ఎత్తుకుంటామన్నాం మేడమ్. వద్దంది పెద్దమ్మ. లిఫ్టొస్తుంది, మీరు పదండి అంది. రావట్లేదు పెద్దమ్మా, పాడైనట్టుంది అన్నాను. నా మీద గయ్యిమంది. 'మా కోడలు కట్టింది. రాకుండా ఎక్కడికి పోతుంది?' అంది. నడుం దాకా వచ్చాక ఇక ఆవిడ మాట వినకుండా ఎత్తేశాం. అప్పటికి మెట్లు నాచు పట్టినట్టు జారుతున్నాయి."

మా కోడలు కట్టింది.

ఆగస్టు 16

మా ఆయన ఆస్పత్రికి వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తనని తను కూడా ఏమీ అనుకోలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "వచ్చేసారి చెప్తానన్నాను కదా" అన్నారు. అన్నారు. నిజమే.

ఆగస్టు 20

నీళ్ళు మూడో రోజుకి దిగిపోయాయి. బురద తప్ప ఏమీ లేదు. ఏ ఇంట్లోకీ చుక్క రాలేదు. నివేదికలో "ప్రాణనష్టం లేదు, కట్టడం అనుకున్న విధంగా పనిచేసింది" అని రాయమన్నారు. అందులో ఒక్క అబద్ధం లేదు.

చైర్మన్ ఫోన్ చేసి అభినందించాడట. "చూశారా, వచ్చాయి, పోయాయి, ఇంక భయమేంటి? అన్ని బ్లాకులకీ కింద ఇళ్ళు వేసేయండి" అన్నాడట. పెద్దసారు ఆ మాట చెప్తుంటే నాకు పిచ్చెక్కినట్టయింది. ఇన్నేళ్ళలో ఆయన ముందు గొంతు లేపలేదు, ఇవాళ లేపాను.

"మా అత్తయ్య నడుం లోతు నీళ్ళలో నిలబడి లిఫ్టు మీట నొక్కుతూ ఉంది సార్. మన లిఫ్టు క్షేమంగా పైకి పోయి కూర్చుంది. మనం ఇక్కడ చప్పట్లు కొట్టాం. కింద ఇళ్ళు కడితే ప్రతి ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరుంటారు. నేను సంతకం పెట్టను."

"నువ్వు పెట్టకపోతే ఇంకొకరు పెడతారమ్మా" అన్నారు. కోపంగా కాదు, అలిసిపోయి అన్నారు. ఆయన మొహం చూస్తే జాలేసింది.

"పెట్టనివ్వండి" అని లేచొచ్చాను. కళ్ళజోడు మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చింది.

ఆగస్టు 26

రెండో దశ బ్లాకు మళ్ళీ గీస్తున్నాను, ఎవరూ అడక్కుండానే. కింద ఖాళీ ఖాళీగానే ఉంటుంది. కానీ అక్కడ జనం ఉంటారని ఒప్పుకుని గీస్తున్నాను. చక్రాల కుర్చీ కూడా ఎక్కేంత వాలుగా, నేల నుంచి మొదటి అంతస్తు దాకా ఒక ర్యాంపు, మధ్యలో ఆగి కూర్చోవడానికి రెండు వెడల్పాటి చోట్లు. లిఫ్టు ఆ పైనుంచి నడుస్తుంది, ఇక దానికి నీళ్ళతో పని లేదు. ర్యాంపు బ్లాకుకి రెండిళ్ళ జాగా తింటుంది. ఒప్పుకోరని తెలుసు. పెద్దసారు చూసి ర్యాంపు పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి వెళ్ళారు. కొట్టేయలేదు, అది చాలు ఇవాళ్టికి.

మనుషుల్ని అతికించమంటే కళ్ళజోడు కంప్యూటర్లో వెతికి వెతికి, "కూర్చున్న ముసలావిడ ఒక్కరు కూడా లేరు మేడమ్" అంది. నువ్వే గీయమన్నాను.

ఆగస్టు 30

అత్తయ్యని ఇంటికి తెచ్చాం. లిఫ్టు బాగుచేశారు, స్ట్రెచర్ మీదే మూడో అంతస్తుకి వచ్చింది. ఇక నడవలేదన్నారు డాక్టర్లు. మంచం బాల్కనీ వైపు వేశాను. వద్దంది, గోడ వైపు తిప్పమంది.

మాట్లాడటం తగ్గిపోయింది. కూర లావుగా తరిగినా ఏమీ అనడం లేదు. ఏదో ఒకటి అంటే బాగుండును.

సెప్టెంబరు 7

ఆదివారం. మధ్యాహ్నం ఆవిడకి జుట్టు దువ్వుతున్నాను. మొహం అటువైపు ఉంది. అలాగే ఉండి అడిగింది.

"లిఫ్టు ఆ రోజు పాడైందా అమ్మాయ్?"

"లేదత్తయ్యా."

"మరి?"

"నీళ్ళొస్తే అది పైకి వెళ్ళిపోయి ఆగిపోతుంది. కిందికి రాదు."

"అలాగని నీకు తెలుసా?"

"తెలుసు. నేనే రాశాను."

తిడుతుందేమోనని చూశాను. తిడితే కాళ్ళ మీద పడి ఏడుద్దామనుకున్నాను. తిట్టలేదు. "మరి చెప్పలేదేం?" అంది.

ఏం చెప్పను? మీరు పైనుంటే నాకు ఊపిరాడదని చెప్పనా? అదే చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆవిడ విని, "అదా" అంది. "నాకూ అంతే. నీతో పైనుంటే నాకూ ఊపిరాడేది కాదు" అంది.

నేను జడ పూర్తిచేసి రబ్బరు పెట్టాను.

"కింద ఎవరెవరున్నారు ఇప్పుడు?" అని అడిగింది.

"అందరూ వచ్చేశారు. టైలరమ్మ కొత్త మిషను తెచ్చుకుంది. ఇస్త్రీ ఆయన చెయ్యి బాగయింది."

"జాగాల కోసం కొట్టుకుంటున్నారా?"

"కొట్టుకుంటున్నారు."

"కొట్టుకోరూ మరి! కండక్టరు లేని బండి అది." మొహం నా వైపు తిప్పింది. "సాయంత్రాలు నువ్వెళ్ళి కూర్చో. ఈసారి నీళ్ళొచ్చినప్పుడు నువ్వుంటే, అందర్నీ ఎక్కించి ఆఖర్న నువ్వెక్కు. అలా ఒకసారి ఎక్కి, అప్పుడు గీయి నీ బొమ్మలు."

సెప్టెంబరు 8

ఆఫీసు నుంచి వచ్చి పైకి వెళ్ళలేదు. కిందే ఉన్నాను. అత్తయ్య కుర్చీకి ఇస్త్రీ ఆయన కొత్త కాలు వేశాడు, కొంచెం ఎత్తు తక్కువ, ఊగుతోంది. అందులో కూర్చున్నాను. టైలరమ్మ చూసింది, కాసేపటికి టీ పంపించింది.

ఆ కుర్చీ నుంచి చూస్తే లిఫ్టు తలుపు తిన్నగా ఎదురుగా కనిపిస్తుంది. ఆవిడ రోజూ చూసేది దాన్నే అన్నమాట. లేచి వెళ్ళి మీట నొక్కాను. వెంటనే వచ్చింది. తలుపులు తెరుచుకుని, నా కోసం కాసేపు ఆగి, మూసుకుంది. నేను మెట్లెక్కి ఇంటికి వెళ్ళాను.